లారీ బిల్లులు క్యూలోనే ఉండిపోతున్నాయి, పోస్ట్‌ఫిక్స్ తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి

అన్నా, మాది మిర్యాలగూడ, ఇక్కడ ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పనులన్నీ నావే. బిల్లులు, తూకం చీటీలు మా సొంత పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్) సర్వర్ నుంచే మెయిల్‌లో పోతాయి. మొన్న అకౌంటెంట్ సార్ పండగ శుభాకాంక్షలని 2,500 మందికి ఒకేసారి మెయిల్ కొట్టారు, నన్ను ఒక్క మాట అడగలేదు. అందులో సగానికి పైగా ఒకే పెద్ద మెయిల్ సర్వీసుకు పోయేవి కావడంతో అటునుంచి 421 కోడ్, అంటే తర్వాత ప్రయత్నించు అని, రావడం మొదలైంది.

ఇప్పుడు క్యూ చూస్తే అన్నీ డిఫర్డ్‌లోనే (తర్వాత మళ్లీ పంపడానికి ఆపి ఉంచే వరసలోనే). 4తో మొదలయ్యే కోడ్ వస్తే డీఫాల్ట్‌గా 300 సెకన్ల తర్వాత మళ్లీ పంపుతుందని, ఫెయిలైనకొద్దీ ఆ గ్యాప్ 4,000 సెకన్ల దాకా పెరుగుతుందని, 5 రోజులైనా పోకపోతే మెయిల్ వెనక్కి వస్తుందని తెలుసు. అది సరే. ఇప్పుడే పెట్టిన కొత్త బిల్లు ఒక్కసారి కూడా ప్రయత్నించకుండానే డిఫర్డ్‌లో పడుతోంది, ఎందుకు? వరసగా ఫెయిలైతే పోస్ట్‌ఫిక్స్ ఆ మెయిల్ సర్వీసు డొమైన్ మొత్తాన్ని కాసేపు పక్కన పెట్టేస్తుందా? గేటు దగ్గర లారీ ఆగి ఉంటే ఆ టెన్షన్‌లో ఫ్లష్ కమాండ్ (ఆగినవన్నీ వెంటనే పంపమనేది) పదిసార్లు కొట్టాను, ఇంకా మొండికేసింది.

బల్క్ మెయిల్‌కు పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులుండే మాస్టర్ ఫైల్‌లో వేరే ట్రాన్స్‌పోర్ట్ (మెయిల్ పోయే దారి) పెట్టి, మెయిల్‌కు మెయిల్‌కు మధ్య 1 సెకను ఆగేలా చేస్తే బిల్లులకు దారి దొరుకుతుందా, లేక ఐపీ అడ్రస్ కూడా వేరే తీసుకోవాలా? మిగిలిన శుభాకాంక్షల్ని పంపకుండా హోల్డ్‌లో పెట్టాలా, తీసేయాలా? పండగైతే ఎలాగూ అయిపోయింది.