ఉగాది నాటకం: హాలువారు కాదన్నారు, శుక్రవారంలోపు తేల్చాలి

మాధవి: అందరికీ నమస్కారం. ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్స్ మీద మనం వేస్తున్న నాటకానికి మిగిలిన పనులు ఇవి: గ్రీకు దుస్తులు (పాత పంచెలు చాలు), కుండపెంకులు నలభై, పులిహోర, వేపపువ్వు, మైకు. ఎవరి పని పక్కన వారు పేరు రాయండి. అసలు చిక్కు వేరే ఉంది. పెంకులతో చెక్క వేదిక గీతలు పడుతుందని హాలువారు ఒప్పుకోవడం లేదు. అదనంగా 600 యూరోలు డిపాజిట్ కడితే చూస్తారట.

రమణ: ఖాతాలో ఉన్నది 210. అట్టముక్కలు వాడకూడదా?

మాధవి: నాటకమే పెంకు మీద నడుస్తుంది రమణ గారూ. ఏథెన్స్‌లో పౌరులు వెలివేయాలనుకున్న నాయకుడి పేరు పెంకు మీద గీకి ఓటు వేసేవారు. పగిలిన కుండకు ఖర్చు లేదు. మన ఊళ్ల వెలి లాంటిది కాదు, పదేళ్లు నగరం విడవాలి, ఆస్తి మాత్రం పోదు. అక్షరం రాని రైతు ఒకడు ఏథెన్స్ నాయకుడు అరిస్టైడీస్‌ను పోల్చుకోలేక, ఆయన చేతికే పెంకు ఇచ్చి ఆయన పేరే రాయమన్నాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన కథ ఉంది కదా. అది అట్టముక్కతో తేలిపోతుంది.

కిరణ్: అయితే ఖర్చు కూడా ఏథెన్స్ పద్ధతిలోనే పెడదాం. నాటకోత్సవంలో గాయకబృందం శిక్షణ, దుస్తుల భారం ఒక ధనవంతుడి మీద వేసేవారు. ఆయన్ను ఖొరెగోస్ అనేవారు. మనకు వెంకట్ అన్న ఉన్నారు.

వెంకట్: ప్రతిసారీ నేనేనా? దీపావళి బాకీయే ఇంకా రాలేదు. అక్కడ ఇంకో పద్ధతి కూడా ఉంది తమ్ముడూ. ‘నాకంటే ఫలానావాడు కలిగినవాడు’ అని చూపవచ్చు. వాడు ఖర్చు భరించాలి, లేదంటే ఇద్దరూ ఆస్తులు మార్చుకోవాలి. నీ కొత్త ఇల్లు ఇవ్వు, నా దుకాణం అప్పులతో సహా తీసుకో.

కిరణ్: సరదాకి అన్నాను.

వెంకట్: నేను సరదాకి అనలేదు. ఈసారి నన్ను లెక్కలో వేసుకోకండి.

సుజాత: ఆస్తుల పంచాయతీ ఆపండి. ఆ లెక్కన మనం పౌరులమే కాదు, మెటిక్‌లం. బయటి నుంచి వచ్చి స్థిరపడిన మగవారు ఏడాదికి 12 డ్రాక్మాల పన్ను కట్టాలి, పౌరుడొకరి పూచీ చూపాలి, యుద్ధమొస్తే వెళ్లాలి. ఓటు మాత్రం లేదు. వీసా వరుసలో నిలబడిన మనకు వివరించాలా? ఆ వేషానికి ఒక్క పిల్లవాడూ రాలేదు, అందరికీ అరిస్టైడీసే కావాలి. ఇక హాలంటారా, ఏథెన్స్ సభ ప్నిక్స్ కొండ మీద ఆరుబయటే జరిగేది. మనకు నది పక్కన పార్కు ఉంది.

రమణ: ఫోను చేశాను. యాభై మందిలోపు అయితే అనుమతి అక్కరలేదట. మైకు కుదరదు.

కిరణ్: ప్నిక్స్ మీద వేలమందికి మైకు లేకుండానే మాట్లాడారు. పిల్లల చేత గట్టిగా సాధన చేయిస్తాను.

మాధవి: వెంకట్ అన్నయ్యా, క్రీ.పూ. 482లో వెలివేసిన అరిస్టైడీస్‌ను పర్షియన్లు మీదికి రాగానే రెండేళ్లకే వెనక్కి పిలిచారు. మీ వ్యాను లేకపోతే చాపలూ గిన్నెలూ ఎలా వస్తాయి?

వెంకట్: పర్షియన్లు ఎన్నింటికి వస్తున్నారు?

మాధవి: ఉదయం ఎనిమిదికి.

సుజాత: వాన పడితే?

వెంకట్: దుకాణం వెనక గోదాము ఖాళీ చేయిస్తాను. సిమెంటు నేలే, ఎంతైనా గీసుకోండి. సామాను మోయడానికి మాత్రం కిరణ్ రావాలి.

కిరణ్: వస్తాను అన్నా. మా బాల్కనీలో బీటలు వారిన పూలకుండీలు రెండున్నాయి, పగలగొట్టి తెస్తాను.