సెయింట్ల పేర్లున్న ఊళ్లలో మీకు ఏది ఇష్టం? అమ్మానాన్నలకు చూపించాలి

కోనసీమ_అమ్మాయి
మేముండేది అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో. డిసెంబరులో అమ్మానాన్న వస్తున్నారు. ఇది సెయింట్ జోసెఫ్ పేరు మీద 1777లో పెట్టిన ఊరని ఫోన్లో చెప్తే, నాన్నగారు వెంటనే "అయితే ఈసారి అలాంటి ఊళ్లే ఒకటి రెండు చూద్దామమ్మా" అన్నారు. ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు, పాత కట్టడాలంటే ప్రాణం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు.

నా ఓటు శాన్ ఫ్రాన్సిస్కోకే. సెయింట్ ఫ్రాన్సిస్ పేరు మీద కట్టిన మిషన్ డొలొరెస్ చర్చి 1791లో పూర్తయింది (మిషన్ అంటే స్పెయిన్ ఫాదరీలు మతప్రచారానికి పెట్టిన స్థావరం). పచ్చి ఇటుకల గోడలు నాలుగడుగుల మందం ఉంటాయి. 1906 భూకంపానికి, ఆ వెంటనే రేగిన మంటలకు ఊరు చాలావరకు పోయినా అది మాత్రం నిలబడింది. లోపల పైకప్పు నిండా ఓలోనీ తెగవాళ్ల బుట్టల అల్లికల్లో కనిపించే డిజైన్లే రంగుల్లో వేసి ఉంటాయి. ఎంతసేపు చూసినా తనివి తీరదు. అది మాకు దగ్గరే కాబట్టి ఎలాగూ చూపిస్తాను. విమానమెక్కి వెళ్లాల్సినది ఇంకొకటి కావాలి. శాన్ డియాగో, శాన్ ఆంటోనియో, సెయింట్ లూయిస్ అనుకుంటున్నాం. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు కాస్త పోల్చి చెప్పండి.

ఆర్చి_పక్కిల్లు
సెయింట్ లూయిస్ నుంచి రాస్తున్నాను. మా ఊరికి పేరిచ్చినాయన ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ. ఫారెస్ట్ పార్కులో గుర్రం మీద ఆయన విగ్రహం ఉంటుంది. దాని వెనకే ఆర్ట్ మ్యూజియం, అదే పార్కులో జూ, రెండింటికీ టికెట్ లేదు. మా ఊరి పెద్ద ఉక్కు కమాను గేట్‌వే ఆర్చి ఎత్తు 630 అడుగులు. పైకి తీసుకెళ్లే ట్రామ్‌లో చిన్న గూడులాంటి పెట్టెలో ఐదుగురు ఒదిగి కూర్చోవాలి, మధ్యలో మెట్లూ ఉన్నాయి. అమ్మగారికి కష్టం. పైగా డిసెంబరులో చలి ఎముకలు కొరికేస్తుంది. వసంతంలో అయితే రండి, నేనే దగ్గరుండి చూపిస్తాను.

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్
అమ్మా, ఇంకేం ఆలోచించకండి, శాన్ ఆంటోనియో రండి. నేను ముందు శాన్ డియాగోలో ఉండి ఇక్కడికొచ్చినవాణ్ని. శాన్ డియాగో సముద్రం, ఎండ నాకూ ఇష్టమే. అక్కడి మిషన్ 1769 నాటిది, కాలిఫోర్నియా మిషన్లలో మొట్టమొదటిది. అయితే ఇప్పుడు కనపడే చర్చి చాలావరకు 1931లో తిరిగి కట్టింది. పాత కట్టడాలంటే ప్రాణం అనే మనిషికి అది చాలదు.

స్పెయిన్ వాళ్లు శాన్ ఆంటోనియోలో పారే నది దగ్గరికి చేరింది 1691 జూన్ 13న. ఆ రోజు సెయింట్ ఆంథొనీ పండుగ కాబట్టి ఆయన పేరే పెట్టారు. 1718లో మొదటి మిషన్ వెలిసింది, 1836 యుద్ధంతో పేరుపడ్డ అలమో అదే. నది వెంట దక్షిణంగా వెళ్తే ఇంకో నాలుగు మిషన్లున్నాయి: కన్సెప్సియోన్, శాన్ హోసే, శాన్ హువాన్, ఎస్పాడా. 2015లో ఐదింటినీ కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అలమో తప్ప మిగతా నాలుగు చర్చిల్లో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి.

ఇరిగేషన్ మనిషికి అసలు చూపించాల్సింది ఎస్పాడా కాలువ. నదికి అడ్డంగా రాతి ఆనకట్ట కట్టి, నీళ్లను పక్క కాలువలోకి మళ్లించి, మోటారు అనేదే లేకుండా వాలు మీదే పొలాలకు పారించారు. దారిలో ఒక వాగు అడ్డమొస్తే 1740ల్లో రెండు రాతి కమానుల మీద అక్విడక్టు కట్టారు. కింద వాగు, పైన కాలువ. నేను వేసవిలో దాని పక్కన నిలబడి చూశాను. మూరెడు వెడల్పుండే నీళ్లు చప్పుడు లేకుండా పైనుంచి వెళ్తున్నాయి, రాళ్ల సందుల్లో నాచు పచ్చగా ఉంది. మీది కోనసీమ కదా, వైనతేయ మీద గన్నవరం అక్విడక్టు నాన్నగారికి కొట్టిన పిండే అయ్యుంటుంది. కాటన్ దొర కాలం నాటి ఆ కట్టడం కన్నా ఇది వందేళ్లు ముందుది. సైజులో చాలా చిన్నది, కానీ ఇప్పటికీ పని చేస్తోంది. మా సీమలో నీటి కోసం మనుషులు పడే పాట్లు చూసి పెరిగినవాణ్ని. పారే కాలువ కనపడితే నాకు కాళ్లు కదలవు.

ఇంకో విషయం కూడా ఆయనకు చెప్పండి. ఈ కాలువలు తవ్వింది, రాళ్లు మోసింది మిషన్లలో చేర్చుకున్న స్థానిక తెగలవాళ్లు. బయటినుంచి వచ్చిన రోగాలకు వాళ్లలో చాలామంది అక్కడే చనిపోయారు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఈ ఊళ్లో ఉన్నారు. ఫాదరీల గొప్ప మాత్రమే చెప్పి ఊరుకునే గైడ్ దొరికితే నాకు ఒళ్లు మండుతుంది.

కోనసీమ_అమ్మాయి
అండీ, గన్నవరం అక్విడక్టు మాట చదివి వినిపించగానే నాన్నగారు ఫోన్లోనే లేచి నిలబడ్డారట, అమ్మ చెప్పింది! శాన్ ఆంటోనియోనే ఖాయం. రెండు రోజులు సరిపోతాయా? అమ్మను ఎక్కువ నడిపించకుండా ఎలా?

ప్రొద్దుటూరు_టు_టెక్సాస్
రెండు రోజులు చాలు. కారు తీసుకోండి. మిషన్ల దగ్గర పార్కింగ్ ఉచితమే, దిగాక నాలుగడుగులే. మొదటి రోజు పొద్దున్నే ఎస్పాడాకి వెళ్లి, అక్విడక్టు, ఆనకట్ట చూసుకుని, వెనక్కి వస్తూ శాన్ హోసే మిషన్ చూడండి. అక్కడ రాతిలో చెక్కిన రోజ్ విండో ఉంటుంది, అమ్మగారిని ఆ గోడ ఎదురుగా కూర్చోబెట్టండి. ఆదివారం కుదిరితే మెక్సికో వాళ్ల మరియాచి వాద్యాలతో మాస్ (చర్చి ప్రార్థన) జరుగుతుంది, వినండి. రెండో రోజు అలమో. చర్చి లోపలికి డబ్బులేమీ లేవు కానీ టైమ్ స్లాట్ ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకుంటే మంచిది. సాయంత్రం రివర్ వాక్‌లో (నది ఒడ్డున నడిచే దారి) మెట్లు దిగే పని పెట్టకండి, లిఫ్టు ఉన్నచోటే దిగి పడవ ఎక్కించండి. డిసెంబరులో చెట్ల నిండా లైట్లు వేలాడుతుంటాయి. తారీకులు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, భోజనం మా ఇంట్లో.