అయస్కాంత బలం పని చేయదంటే మోటారును తిప్పేది ఎవరు?

ఫిజిక్స్ టీచర్, శ్రీకాకుళం
నిన్న ఇంటర్ రెండో సంవత్సరం క్లాసులో ఏటా చెప్పే మాటే చెప్పాను. కదిలే విద్యుత్ ఆవేశం మీద అయస్కాంత బలం ఎప్పుడూ వేగానికి లంబంగా ఉంటుంది. అందుకే అది దారి మళ్లిస్తుందే తప్ప గతిశక్తిని పెంచదు, తగ్గించదు, చేసే పని, అంటే బలం కదిలించి అందించే శక్తి, శూన్యం. వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, మరి మా పొలంలో మోటారు నీళ్లెలా తోడుతోంది?" అంది. పుస్తకంలో వాక్యం ఇంకోసారి చదివి వినిపించాను. కూర్చుంది గానీ ఒప్పుకోలేదని ముఖంలోనే కనిపించింది. ఇంటికొచ్చాక నా జవాబు నాకే నచ్చలేదు. "అయస్కాంతం పని చేయదు" అని ముక్తసరిగా చెప్పి వదిలేయడం తప్పని నా అభిప్రాయం. మీరేమంటారు?

రిటైర్డ్ లెక్చరర్, విజయనగరం
వాక్యంలో తప్పేమీ లేదమ్మా. 1930ల్లో భౌతిక శాస్త్రవేత్త లారెన్స్ కట్టిన సైక్లోట్రాన్, అంటే ప్రోటాన్ల లాంటి కణాల వేగం పెంచే యంత్రం, చూడండి. అయస్కాంతం ప్రోటాన్లను గుండ్రంగా తిప్పింది, అంతే. వేగం పెంచింది 'డీ'లనే, D ఆకారంలో ఉండే రెండు బోలు లోహపు పెట్టెల మధ్య ఖాళీలో ఉన్న విద్యుత్ క్షేత్రం. అయస్కాంతమే వేగం పెంచగలిగితే ఆయనకు ఆ ఖాళీతో, అందులో దిశ మార్చుకునే వోల్టేజీతో పనేముంది?

మోటార్ వైండింగ్ షాపు, నరసన్నపేట
నమస్కారం మాస్టారూ. నేను పదో తరగతితో ఆపేసినోణ్ణి, ఇరవై ఏళ్లుగా మోటార్లు చుడతన్నాను. మీరు చెప్పిన మెషీను నాకు తెలీదు. మా దగ్గరకొచ్చే మోటార్లలో రోటర్‌కి, అదే లోపల తిరిగే భాగానికి, బయట నుంచి ఒక్క తీగ కూడా ఉండదు. మధ్యలో సన్నటి గాలి సందు, అంతే. ఆ సందు దాటి స్టేటర్, అదే చుట్టూ కదలకుండా ఉండే తీగ చుట్టిన భాగం, దాని అయస్కాంతమే లాక్కెళ్తాది. మరి పని సేసిందెవరు? ఇంకోటి. ఇసక పట్టి మోటారు బిగుసుకుపోతే, స్విచ్ వేసిన కాసేపటికే వైండింగ్ కాలిపోద్ది. తిరిగితే కాలదు, ఆగిపోతే కాల్తాది. అదేటి మరి?

రిటైర్డ్ లెక్చరర్, విజయనగరం
బాబూ, మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుంది. అర్థం కావడానికి ముందు ఒక్క తీగనే తీసుకుందాం. పొడవు 20 సెంటీమీటర్లు, క్షేత్రం 0.5 టెస్లా, కరెంటు 10 ఆంపియర్లు. తీగ మీద బలం 1 న్యూటన్. తీగ సెకనుకు 5 మీటర్ల చొప్పున పక్కకు కదిలితే, బయటికి అందే పని సెకనుకు 5 జౌళ్లు.

ఇప్పుడు లోపలి ఎలక్ట్రాన్ సంగతి. అది తీగ వెంట పోతోంది, తీగతోపాటు పక్కకూ పోతోంది. ఆ పక్క కదలిక వల్ల పుట్టే బలం దాన్ని తీగ వెంటే వెనక్కి నెడుతుంది. మనం ఎదురు వోల్టేజీ అనేది దాన్నే. ఇక్కడ అది 0.5 వోల్టులు. దానికి ఎదురుగా 10 ఆంపియర్లు తోయాలంటే కరెంటు సరఫరా సెకనుకు ఇవ్వాల్సింది సరిగ్గా ఆ 5 జౌళ్లే. అయస్కాంత బలం తీగ వెంట తీసుకున్నదంతా పక్కకు ఇచ్చేసింది, తనది చిల్లిగవ్వ కలపలేదు. నూతి మీద గిలక లాంటిది. తాడు దిశను గిలక మారుస్తుంది, చేద బరువు లాగేది మాత్రం మన చెయ్యే.

మీ రోటర్‌లో కరెంటు పుట్టించేది కూడా మారుతున్న అయస్కాంత క్షేత్రం వెంట వచ్చే విద్యుత్ క్షేత్రమే. మోటారు బిగుసుకుంటే ఎదురు వోల్టేజీ పడిపోతుంది, కరెంటు కొన్ని రెట్లు పెరుగుతుంది. పనిగా మారాల్సినదంతా వేడై మీ వైండింగ్‌ను కాలుస్తుంది.

మోటార్ వైండింగ్ షాపు, నరసన్నపేట
గిలక మాట బాగా పట్టింది మాస్టారూ. ఇన్నేళ్లూ కాలిన తీగ వాసన చూసి లోడు ఎక్కువైందనుకునేవోణ్ణి. ఎదురు వోల్టేజీ సంగతి ఎవరూ చెప్పలేదు.

ప్లాంటు ఇంజనీరు, బొబ్బిలి
మాస్టారూ, తీగల వరకూ మీతో ఏకీభవిస్తాను. కానీ పాడైన స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని టేబుల్ మీదున్న మేకు పైకి మెల్లగా దించి చూడండి. కొంత దూరంలో మేకు కొస వణుకుతూ లేస్తుంది, ఆ వెంటనే టక్కున అంటుకుంటుంది. అక్కడ బ్యాటరీ లేదు, మీటరూ లేదు. మేకును లేపిందెవరు? ఇనుములో అయస్కాంతత్వం ప్రధానంగా ఎలక్ట్రాన్ స్పిన్ వల్ల వస్తుంది. స్పిన్ అంటే ఎలక్ట్రాన్‌కు సహజంగానే ఉండే గుణం, దానివల్లే అది చిన్న అయస్కాంతంలా ఉంటుంది; గుండ్రంగా తిరిగే ఆవేశం కాదు, కాబట్టి మీ లంబ సూత్రం దానికి వర్తించదు. 1922లో స్టెర్న్, గెర్లాక్ అనే శాస్త్రవేత్తలు ఆవేశం లేని వెండి పరమాణువులను, చోటు చోటుకూ బలం మారే అయస్కాంత క్షేత్రం గుండా పంపితే అవి రెండు పాయలుగా చీలాయి. అక్కడ క్షేత్రం నేరుగా పని చేసింది.

రిటైర్డ్ లెక్చరర్, విజయనగరం
స్పిన్ విషయం ఒప్పుకుంటాను. అయినా ఆ శక్తి మేకు, అయస్కాంతం కలిసిన క్షేత్రంలో ముందే నిల్వ ఉన్నది. మేకును మళ్లీ ఊడబీకడానికి మీ వేళ్లు ఆ బాకీ తీర్చాల్సిందే. ఇంటర్ పిల్లలకు ఇదంతా మొదటిరోజే చెబితే ఉన్న సూత్రం కూడా చేజారుతుంది.

ఫిజిక్స్ టీచర్, శ్రీకాకుళం
అక్కడే నేను ఒప్పుకోలేను, గురువుగారూ. స్పిన్ పాఠం చెప్పక్కర్లేదు. "అయస్కాంతం" అన్నచోట "కదిలే ఆవేశం మీద అయస్కాంత బలం" అని పూర్తిగా చెప్పినా చాలు. ఆ నాలుగు మాటలు మింగేసినందుకే ఆ అమ్మాయికి మోటారు అబద్ధంలా కనిపించింది. సోమవారం మీ 5 జౌళ్ల లెక్క బోర్డు మీద వేయిస్తాను, మేకూ అయస్కాంతమూ తన చేతికే ఇస్తాను.

మోటార్ వైండింగ్ షాపు, నరసన్నపేట
మేడమ్, మా షాపులో కాలిపోయిన స్టేటర్, బాగున్న రోటర్ ఉన్నాయి. శనివారం శ్రీకాకుళం వస్తన్నాను, తెచ్చి ఇస్తాను. పిల్లలు చేత్తో తిప్పి చూస్తారు.