మోకాలికి ఐస్: జెల్ ప్యాకా, ఐస్ ముక్కలా, మెషినా?

కుంటి_నడక:
మెట్లు దిగుతుంటే మోకాలు మెలిపడి ఇవాళ్టికి మూడో రోజు. ఎముకకి ఏం కాలేదు, లిగమెంట్ కొంచెం సాగింది, రోజుకి మూడు నాలుగు సార్లు ఐస్ పెట్టుకోండి అన్నారు డాక్టరు. ఎలా పెట్టుకోవాలో అడగడం నేను మర్చిపోయా. జెల్ ప్యాక్ కొన్నాను, మొదటి ఐదు నిమిషాలు ప్రాణం పోయేంత చల్లగా ఉండి పావుగంట కాకముందే చప్పబడిపోతోంది, పైగా నిన్న తీసి చూస్తే చర్మం మీద సరిగ్గా ప్యాక్ ఆకారంలో ఎర్రటి అచ్చు. ఐస్ ముక్కలు కవర్లో వేసి పెడితే ఒక పక్క ఆనదు, ఇంకో పక్క నీళ్లు కారి పరుపు తడిసి ఇంట్లో తిట్లు. స్ప్రే కొట్టా, చల్లగా ఉండే ఆయింట్‌మెంట్ రాశా, హాయిగానే ఉంది కానీ వాపు వాపే. ఇప్పుడు మా తమ్ముడు చల్లనీళ్లు తిరిగే మెషిన్ అద్దెకి తెద్దాం అంటున్నాడు. ఇంతకీ కీలు లోపలిదాకా చల్లదనం దిగేది దేనితో? వాడినవాళ్లు చెప్పండి, ప్యాకెట్ మీద రాసింది నేనూ చదివాను.

ఫిజియో_పనిలో:
ముందు ఆ ఎర్రటి అచ్చు సంగతి. కాసేపటికి మామూలు రంగుకి వచ్చేస్తే కంగారు లేదు. తెల్లగా మైనంలా మారినా, బొబ్బ లేచినా, తాకితే తెలియకపోయినా చల్లదనానికి చర్మం కాలినట్టే, ఇక ఐస్ మానేసి చూపించుకోండి.

మీ జెల్ ప్యాక్ ఎందుకు అలా చేస్తుందంటే, ఇంట్లో ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, ప్యాక్ కూడా దాదాపు అంత చలితోనే బయటికొస్తుంది. కరుగుతున్న ఐస్ మాత్రం సున్నా దగ్గరే ఉంటుంది. మరి ప్యాకే ఎక్కువ పనిచేయాలిగా అంటారు. కానీ లెక్క అది ఎంత చల్లగా ఉందని కాదు, మీ మోకాల్లోంచి ఎంత వేడి లాగుతుందని. కిలో ఐస్ కరిగి నీళ్లవ్వాలంటే 334 కిలోజౌల్స్ వేడి కావాలి, అదే కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.2 చాలు. అంటే ఐస్ కరుగుతున్నంతసేపూ వేడిని తాగుతూనే ఉంటుంది. ఫ్రీజర్లో కూడా మెత్తగా ఉండేలా చేసిన జెల్ పూర్తిగా గడ్డకట్టదు, కాబట్టి దానికి ఆ తాగుడు తక్కువ. మొదట చర్మాన్ని కొరుకుతుంది, తర్వాత చేతులెత్తేస్తుంది.

నేను చెప్పేది ఇది: ఐస్ చితక్కొట్టి జిప్ కవర్లో వేసి, అందులోనే గ్లాసుడు నీళ్లు పోయండి. నీళ్లుంటే సంచి మోకాలి వంపుకి సర్దుకుంటుంది, మధ్యలో గాలి ఉండదు. గాలంతా నొక్కి తీసేసి, తడిపి పిండిన పల్చటి గుడ్డ మీద ఆనించి, పైన క్రేప్ బ్యాండేజ్ ఓ మాదిరి బిగువుగా చుట్టండి. చాలామంది పొడి తువ్వాలు మందంగా మడిచి వేస్తారు, అప్పుడు చల్లబడేది తువ్వాలే. 15 నిమిషాలు, మహా అయితే 20. కవర్ రెండు పొరలు వేస్తే పరుపు గొడవ కూడా తీరుతుంది.

స్ప్రే చర్మం మీద ఆవిరై పైపైనే చల్లబరుస్తుంది. ఆయింట్‌మెంట్‌లో మెంథాల్ ఉంటుంది, అది చలిని పట్టే నరాలని రెచ్చగొడుతుంది అంతే, కీలు చల్లబడదు. నొప్పి మర్చిపోవడానికైతే రాసుకోండి, కానీ రాసిన చోట ఐస్ మాత్రం పెట్టకండి.

రెండో_కాలు:
మెషిన్ గురించి నేను చెప్తా. లిగమెంట్ ఆపరేషన్ తర్వాత రెండు వారాలు వాడాను. డబ్బాలో ఐసు నీళ్లు, ఓ పైపు, మోకాలికి పట్టీ, పంపు ఆ నీళ్లని తిప్పుతూ ఉంటుంది. హాయి అంటే హాయి, అస్తమానం లేచి ఐస్ మార్చే పని లేదు, పట్టీ నొక్కడం వల్ల వాపుకీ పట్టు దొరుకుతుంది. కానీ ఆ హాయిలోనే ఉంది తంటా. నొప్పి మాత్రలేసుకుని అది ఆన్‌లో ఉండగానే నిద్రపోయాను ఒకరోజు, లేచేసరికి పట్టీ కింద మచ్చలు, పోవడానికి నెల పట్టింది. బెణుకుకి మెషిన్ ఎందుకండి, ఆ అద్దె డబ్బులు మిగుల్చుకోండి.

ఎదురీత:
అసలు ఐసే అక్కర్లేదని ఎవరూ అనరేం? రెస్ట్, ఐస్, కట్టు, ఎత్తు అనే సూత్రం 1978లో పెట్టిందే డాక్టర్ గేబ్ మిర్కిన్, ఆయనే 2014లో ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని మాట మార్చుకున్నాడు. వాపు శరీరం చేసుకునే రిపేరు, దాన్ని ఆపడం దేనికి?

ఫిజియో_పనిలో:
ఎదురీత గారు, నిజమే, నేనూ ఇప్పుడు ఐస్‌ని మందు అనను. దెబ్బ త్వరగా మానుతుందని చెప్పి పెట్టించను, నొప్పి తగ్గడానికి పెట్టిస్తాను. చల్లబడిన నరం కబురు నెమ్మదిగా మోస్తుంది, ఆ కాసేపట్లో కాలు కదపగలిగితే అదే లాభం. లోపలి విషయానికొస్తే, చర్మం గబగబా చల్లబడుతుంది, కీలు లోపల దిగేది కొన్ని డిగ్రీలే, అదీ నెమ్మదిగా. కొవ్వు పొర మందంగా ఉన్నవాళ్లలో ఇంకా ఆలస్యం. సంచి తీసేశాక కూడా లోపల కాసేపు చల్లబడుతూనే ఉంటుంది, అందుకే తీసి వెంటనే మళ్లీ పెట్టక్కర్లేదు.

కుంటి_నడక:
నీళ్లు కలిపిన సంచి ఇందాకే పెట్టాను. జెల్ ప్యాక్‌లా కొరకలేదు, కానీ పది నిమిషాలకి మొద్దుబారింది, బాత్రూందాకా గోడ పట్టుకోకుండా వెళ్లొచ్చా. తమ్ముడికి మెషిన్ వద్దని చెప్పేశా. ఇంకో మాట, మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, షుగర్ కూడా ఉంది. ఆవిడకీ ఇదే పెట్టొచ్చా?

ఫిజియో_పనిలో:
అరికాళ్లలో తిమ్మిర్లు, స్పర్శ తగ్గడం లాంటివి ఉంటే డాక్టర్ని అడక్కుండా పెట్టకండి, కాలుతున్నా ఆవిడకి తెలియదు. చలికి వేళ్లు తెల్లబడేవాళ్లకీ, దద్దుర్లొచ్చేవాళ్లకీ కూడా వద్దు. కీలు ఉన్నట్టుండి ఎర్రగా వేడెక్కి వాచి, జ్వరం కూడా ఉంటే ఐస్ పెడుతూ కూర్చోకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, కీలులో ఇన్‌ఫెక్షన్ అయ్యుండొచ్చు.

మీకూ ఒకటి చెప్పడం మర్చిపోయా. మోకాలి బయటి పక్క, కొంచెం కిందగా చిన్న ఎముక బొడిపె తగులుతుంది చూడండి, దాని వెనకే పాదాన్ని పైకి లేపే నరం చర్మానికి దగ్గరగా పోతుంది. సంచి బరువు, కట్టు బిగువు దాని మీద పడనీయకండి. పాదం మీద చీమలు పాకినట్టున్నా, పాదం పైకి లేవకపోయినా వెంటనే విప్పేసి డాక్టరుకి చూపించండి.