రావెన్‌లాక్ గేమ్ ఆరో తరగతి పిల్లకి కొనొచ్చా?

మా మేనకోడలు ఆరో తరగతి. పేదరాశి పెద్దమ్మ కథలంటే చెవి కోసుకునే రకం. సెలవులకి కావలి వస్తోంది, దానికోసం రావెన్‌లాక్ కొందామా అని చూస్తున్నా. కెనడాలోని కోకోకుకుంబర్ అనే చిన్న స్టూడియో 2023 మేలో తెచ్చిన యాక్షన్ ఆర్పీజీ ఇది, అంటే కథలో ఒక పాత్రగా తిరుగుతూ ఫైట్లు చేసే గేమ్. అద్దంలోంచి ఇంకో లోకంలోకి వెళ్లిన పిల్ల, అక్కడ విలన్‌గా గొంగళిపురుగు రాణి. బొమ్మలన్నీ బుల్లి ఘనాలు పేర్చి కట్టినట్టుంటాయి, రంగులైతే అదుర్స్.

నా అనుమానమంతా ఫైటింగ్ మీదే. వీడియోల్లో కత్తి తిప్పడం, డాలు అడ్డం పెట్టడం, మధ్యలో స్పెషల్ పవర్లు. బాస్ (మామూలు వాళ్లకంటే పెద్ద శత్రువు) దగ్గర కూడా ఒకే బటన్ టకటకా నొక్కేస్తున్నారు. చివరిదాకా ఇంతేనా, లేక పోనుపోను శత్రువు కదలిక చూసి తప్పుకోవాల్సిన ఫైట్లు వస్తాయా? నాకైతే ఇది విసుగే, దానికి ఇదే సరిపోతుందేమో. మరీ ఏడిపించేదైతే మాత్రం కంట్రోలర్ విసిరికొడుతుంది, దాని సంగతి నాకు తెలుసు.

ఇంకోటి, డైలాగులు ఇంగ్లీషులో చదువుకోవాలి. బటన్ నొక్కేదాకా స్క్రీన్ మీద ఉంటాయా? ఎండాకాలం మాకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, యూపీఎస్ కూడా లేదు. సేవ్ ఎక్కడపడితే అక్కడ చేసుకోవచ్చా?

ఎపిక్ స్టోర్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ షాపు) రీఫండ్ ఉన్న గేమైతే కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలు ఆడకముందే వెనక్కివ్వొచ్చు. ఆ కాస్త టైములో దీని సంగతి తేలుతుందా? పూర్తిగా ఆడినవాళ్లెవరైనా ఉంటే చెప్పండన్నా.