ట్రీ వ్యూలో సెర్చ్ కొడితే వేరే నోడ్ తెరుచుకుంటోంది

ప్రశ్న: తెలంగాణ 33 జిల్లాలు, వాటి కింద మండలాలు, ఊళ్లు చూపించే ట్రీ (కొమ్మల్లా తెరుచుకునే లిస్టు) రియాక్ట్‌లో (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) రాస్తున్నా. ఖమ్మం తెరిచి ఉంచి పైన సెర్చ్ కొడితే లిస్టు తగ్గి, ఇంకో జిల్లా తెరుచుకుని కనిపిస్తోంది. పైగా కింద ఏమీ లేని ఊళ్లకీ బాణం గుర్తు. రెండ్రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు: కీ (ఏ ఐటమ్ ఏదో రియాక్ట్ గుర్తుపట్టే గుర్తు) కింద ఇండెక్స్, అంటే లిస్టులో వరుస నంబరు, ఇచ్చారు కదా? లిస్టు మారగానే ఆ నంబరు ఇంకో జిల్లాకి పోతుంది, తెరిచిన స్థితీ దాంతోనే పోతుంది. జిల్లా కోడ్‌నే కీగా పెట్టి, తెరిచినవాటి కోడ్‌లు పేరెంట్‌లో (పై కాంపోనెంట్‌లో) ఒక సెట్‌లో ఉంచండి.

ఇంకో జవాబు: బాణానికైతే, కింద ఏమైనా ఉందో లేదో సర్వరే ఫ్లాగ్‌లో (అవును/కాదు విలువలో) చెప్పాలి. లేజీ లోడింగ్‌లో (తెరిచినప్పుడే డేటా తెచ్చే పద్ధతిలో) చైల్డ్ లిస్టు మొదట ఖాళీగానే ఉంటుంది, దాన్ని చూసి తేల్చకండి. ఊళ్లకి ఏరియా-ఎక్స్‌పాండెడ్ (aria-expanded: తెరిచి ఉందో మూసి ఉందో స్క్రీన్ రీడర్‌కి చెప్పే ఆట్రిబ్యూట్) అసలు పెట్టొద్దు.

అడిగినవారు: ఇండెక్సేనండీ! మార్చాక ఖమ్మం కదల్లేదు. ఫ్లాగ్ కోసం బ్యాకెండ్ వాళ్లని బతిమాలుకోవాలి.