గిటార్ టేకు నెక్‌కి వాలు హెడ్‌స్టాక్: ఒకే చెక్కలో తీయాలా, అతుకు వేయాలా?

మూడోఫ్రెట్:
గిటార్‌కి 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు, 648 మి.మీ.), 22 ఫ్రెట్లు (మెట్లు), బోల్ట్-ఆన్ నెక్ (బాడీకి బోల్టులతో బిగించే మెడ) మొదలుపెట్టాను. హెడ్‌స్టాక్ (నెక్ చివరి తల) అటు మూడు ఇటు మూడు ట్యూనర్లతో (తీగ బిగించే మరలు), వెనక్కి వాలుగా రావాలి. చేతిలో ఉన్నది 900 × 90 × 25 మి.మీ. పాత టేకు పలక, ఫ్రెట్‌బోర్డ్‌కి 510 × 70 × 7 రోజ్‌వుడ్, రెండువైపులా తిరిగే 440 మి.మీ. ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ). రౌటర్ ఉంది, బ్యాండ్ సా లేదు. మిగతాదంతా చేతి రంపం, చిత్రిక, ఆకురాయి.

రాడ్ కోసం 6 మి.మీ. వెడల్పు, 9 లోతు గాడి తీశాక పలక మధ్యలో దాదాపు 1 మి.మీ. పైకి లేచింది. క్లాంపులతో నొక్కిపెట్టి ఫ్రెట్‌బోర్డ్ అతికిస్తే సర్దుకుంటుందా? హెడ్‌స్టాక్ ఈ పలకలోనే వాలుగా కోయొచ్చా? ఏ పని తర్వాత ఏది చేయాలో కూడా చెప్పండి.

చెక్కపొట్టు:
ముందు వంపు సంగతి. నొక్కిపెట్టి అతికించకండి. గాడి తీసేసరికి చెక్కలో లోపల ఉన్న బిగువు వదిలింది, అందుకే లేచింది. క్లాంపు తీసిన రోజు తిన్నగానే ఉంటుంది, వారం తిరిగేసరికి మళ్లీ అదే వంపు, ఈసారి ఫ్రెట్‌బోర్డ్‌ని కూడా లాక్కుని. పలకను నాలుగు వైపులా గాలి తగిలేలా నిలబెట్టి వారం పది రోజులు వదిలేయండి. తర్వాత రెండు ముఖాలూ చిత్రిక పట్టి 19 మి.మీ.కి తెండి. ఎలాగూ మీకు కావాల్సింది 19 మాత్రమే: స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా బాడీలో హీల్ (నెక్ బాడీలో కూర్చునే చివర) మొత్తం మందం 25 కదా, అందులో ఫ్రెట్‌బోర్డ్ 6 పోతుంది. పై ముఖం చెక్కిన మేరకు గాడి లోతు తగ్గుతుంది, రౌటర్‌తో మళ్లీ 9కి దించండి. రాడ్ గాడిలో పై అంచుకి సమంగా కూర్చోవాలి. లోపల ఆడితే తీగ మోగినప్పుడల్లా గిలక శబ్దం వస్తుంది.

ఈ పలకలో వాలు హెడ్‌స్టాక్ ఒకే ముక్కగా రాదు. 180 మి.మీ. పొడవు హెడ్‌స్టాక్ 13 డిగ్రీలు వాలితే చివర 40 మి.మీ. కిందికి దిగుతుంది, దాని మందం 15 కలిపితే 55 దాటిన దిమ్మె కావాలి. దిమ్మె దొరికినా నేను వద్దంటాను. నెక్‌లో పొడవునా నడిచే గ్రెయిన్ హెడ్‌స్టాక్ వాలులో అడ్డంగా తెగి బయటపడుతుంది. గిటార్ కింద పడితే నట్ (హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే పట్టీ) వెనకే పుటుక్కున విరిగేది అందుకే.

కాబట్టి స్కార్ఫ్ అతుకు, అంటే ఏటవాలుగా కోసి అతికించడం. 19 మందానికి 13 డిగ్రీలంటే కోత పొడవునా 82 మి.మీ. నడుస్తుంది. పక్క అంచు మీద ఆ గీత గీసి రంపంతో కోయండి, గీతకి ఒక మి.మీ. అవతలే ఉండండి. చిన్న ముక్క 270 మి.మీ. ఉంటే చాలు. రెండు కోతలనూ మెట్లలా ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒకే వాలుగా కలిపి చిత్రిక పట్టండి. విడివిడిగా పడితే కోణాలు కలవవు. తర్వాత చిన్న ముక్కను తిరగేసి, దాని వాలు ముఖాన్ని నెక్ అడుగు ముఖానికి అతికించాలి. అప్పుడు నెక్ మీది వాలూ, చిన్న ముక్క పైముఖమూ ఒకే తలంలోకి వస్తాయి. అదే హెడ్‌స్టాక్ ముఖం.

టేకులో నూనె ఉంటుంది. అతికించబోయే ముందు ఎసిటోన్‌తో తుడిచి, అది ఎగిరిపోగానే జిగురు రాయండి, మర్నాటికి వాయిదా వేయొద్దు. టైట్‌బాండ్ ఒరిజినల్ లాంటి పసుపు జిగురు మేలు. మామూలు తెల్ల జిగురు ఆరాక కూడా కాస్త మెత్తగా ఉంటుంది, ఎడతెగని లాగుడుకి మెల్లగా జరుగుతుంది. 10–46 సెట్ తీగలు (సన్నది 0.010, లావుది 0.046 అంగుళం) మామూలు ట్యూనింగ్‌లో కలిపి 46 కిలోల దాకా లాగుతాయని గుర్తుపెట్టుకోండి. క్లాంపు బిగించగానే ముక్క సబ్బులా జారుతుంది. జిగురులో నాలుగు ఉప్పురవ్వలు చల్లితే పట్టుకుంటుంది, చివర ఒక అడ్డు ముక్క కూడా మేకు కొట్టి పెట్టండి.

ఆరుతీగలు:
వరస గురించి ఒక్క మాట. పలక అంచులు సమాంతరంగా, నలుచదరంగా ఉన్నప్పుడే ట్రస్ రాడ్ గాడి, ఫ్రెట్ గాళ్లు అన్నీ అయిపోవాలి. నట్ దగ్గర 42, హీల్ దగ్గర 56 వచ్చేలా పక్కలు కోయడం ఆ తర్వాతే. ముందే కోస్తే రౌటర్‌కి ఆనించడానికి తిన్నని అంచు ఉండదు, మూలమట్టం పెట్టడానికీ ఉండదు. మధ్యగీత కత్తిమొనతో గీయండి, పెన్సిల్ గీత చిత్రిక పడితే పోతుంది.

ఫ్రెట్ల కొలతలు ఒకదాని నుంచి ఇంకోదానికి కొలవొద్దు, 0.2 తప్పు కాస్తా పదిహేనో ఫ్రెట్‌కి 3 మి.మీ. అవుతుంది. అన్నీ నట్ నుంచే. 648కి: మొదటిది 36.37, అయిదు 162.55, ఏడు 215.51, పన్నెండు సరిగ్గా 324, ఇరవైరెండు 466.16. మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ దూరం వస్తుంది. పాత పద్ధతిలో 18తో భాగిస్తే పన్నెండోది 321.6 దగ్గరే ఆగిపోతుంది.

మూడోఫ్రెట్:
చాలా థాంక్సండీ. రాడ్ తిప్పే కన్ను హెడ్‌స్టాక్ వైపు పెట్టాలనుకున్నాను, పర్లేదా? ఇంకోటి, ఊళ్లో పనస చెక్క చవగ్గా దొరుకుతోంది. బొబ్బిలి వీణ అదే కదా, టేకు బదులు వాడొచ్చా?

చెక్కపొట్టు:
కన్ను హీల్ వైపు పెట్టండి. వాలు హెడ్‌స్టాక్‌కి అతి బలహీనమైన చోటు నట్ వెనకే, అక్కడే మళ్లీ తొలిచి గుంట చేయడం ఎందుకు?

వీణతో పోలిక కుదరదు. బొబ్బిలి వీణ దండి లావు, పైగా దాని 24 మెట్లు మైనం మీద కూర్చుంటాయి, స్థానం తప్పితే మైనం కరిగించి జరుపుకోవచ్చు. గిటార్ ఫ్రెట్ ఒకసారి కోస్తే అంతే. 20 మి.మీ. సన్నని నెక్‌కి టేకే ఉంచండి. టేకులో సిలికా ఉంటుంది గనుక ఉలి, చిత్రిక బ్లేడు గంటకోసారి నూరుకోవాల్సి వస్తుంది, అదొక్కటే బాధ. ఈ చర్చల్లో ఎవరో ఒకరు ఎర్రచందనం అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా: జపాన్‌లో షామిసెన్ వాద్యానికి నెక్ దాంతోనే చేస్తారన్నది నిజమే, కానీ కాగితాలు లేని దుంగ జోలికి పోవద్దు.

ఉలిదెబ్బ:
హెడ్‌స్టాక్ ఆకారం అందంగా గీసి, తర్వాత ట్యూనర్లు ఎక్కడ పడితే అక్కడ ఇరికించడం అందరూ చేసే తప్పు. ముందు తీగలు గీయండి. 42 నట్‌లో చివరి తీగలు రెండు అంచుల నుంచి 3.5 లోపలికి, అంటే వాటి మధ్య 35 మి.మీ. అట్ట మీద ఆరు తీగల గీతలూ నట్ దాటించి తిన్నగా లాగండి. ట్యూనర్ కడ్డీ 6 మి.మీ. లావుంటే తీగ దాని లోపలి పక్కన చుట్టుకుంటుంది, కాబట్టి రంధ్రం కేంద్రం తీగ గీత మీద కాదు, 3 మి.మీ. బయటికి. ఇలా చేస్తే హెడ్‌స్టాక్ కొన వైపు సన్నబడుతుంది, అదే సరైన ఆకారం. నట్ దగ్గర తీగలు పక్కకి విరిగే డిజైన్లలో డి, జి తీగలు నట్ గాడిలో పట్టేసి, బెండ్ చేశాక (తీగను పక్కకి లాగి వదిలాక) శ్రుతికి తిరిగి రావు.

రంధ్రాలు 10 మి.మీ., కానీ మీ ట్యూనర్ బుష్ కొలిచాకే. పైముఖం నుంచి వేయండి, కింద పనికిరాని చెక్క ఆనించండి, లేకపోతే వెనక పెచ్చు లేస్తుంది.

ఆరుతీగలు:
ఫ్రెట్‌బోర్డ్ అతికించేటప్పుడు రాడ్ మీద సన్నని మాస్కింగ్ టేపు వేసి జిగురు రాసి, ఆఖరి క్షణంలో టేపు లాగేయండి. మొదటి, పన్నెండో ఫ్రెట్ గాళ్లలో చిన్న మేకులు దింపితే బోర్డ్ జారదు, ఆ రంధ్రాలు ఫ్రెట్ కింద దాక్కుంటాయి. జిగురులోని నీటికి బోర్డ్ ఉబ్బుతుంది, రెండు రోజులు ఆగి లెవెల్ చేయండి.

12 అంగుళాల రేడియస్ దిమ్మెతో (ఆ వంపుతో లోపలికి తొలిచిన దిమ్మె) ఉప్పుకాగితం 80, 120, 240 వరసలో రుద్దండి. 56 వెడల్పు దగ్గర అంచులు 1.3 మి.మీ. దిగుతాయి, అంటే మీరు 2.5 లోతు కోసిన ఫ్రెట్ గాడి అక్కడ 1.2 మాత్రమే మిగులుతుంది. ఫ్రెట్లు కొట్టేముందు అన్ని గాళ్లూ మళ్లీ లోతు చేసుకోవాలి, ఇది మరిచిపోయే వాళ్ల నెక్‌లకే ఫ్రెట్ చివరలు లేచి చొక్కా దారాలు పట్టుకుంటాయి. గాడి వెడల్పు 0.6 ఉండాలి. మరీ బిగువైతే 22 ఫ్రెట్లూ 22 మేకుల్లా చీల్చి నెక్‌ని వెనక్కి వంచేస్తాయి. ముందు తుక్కు రోజ్‌వుడ్ మీద ఒక ఫ్రెట్ కొట్టి చూడండి. వైరు మీటరున్నర తీసుకుంటే సరిపోతుంది.

వెనక గుండ్రం చెక్కేటప్పుడు ఒకటో ఫ్రెట్ దగ్గర 21, పన్నెండు దగ్గర 23కి అట్ట మూసలు చేసుకుని ఆ రెండు చోట్లా ముందు చెక్కండి, మధ్యది తర్వాత తిన్నటి పట్టీ ఆనించి కలపండి. 21లో బోర్డ్ 6, గాడి 9 తీసేస్తే అడుగున మిగిలేది 6. సన్నగా కావాలని 18కి తెస్తే 3 మి.మీ. మాత్రమే ఉంటుంది, అంతకన్నా కిందికి పోతే ఆకురాయి కింద రాడ్ కనిపిస్తుంది.

ఉలిదెబ్బ:
తీగలు వేసి ఒక రోజు ఆగాక మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, ఏడో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు చూడండి. 0.2 మి.మీ. ఉంటే రాడ్ ముట్టుకోకండి. ఎక్కువుంటే పావు తిప్పు బిగించి, మర్నాడు మళ్లీ కొలవండి.